పాత మాంగనీస్ గనుల వైపు నడకకి వెళ్ళేముందు ఇవి చూసుకోండి

కార్తీకం పిక్నిక్‌ల టైమ్ వచ్చేస్తోంది, ఈసారి కొందరు తోటలకి బదులు గర్భాం, గరివిడి పక్క పాత గనులు చూద్దామంటున్నారు. తప్పకుండా చూడాలి, మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల్లో మొదలైంది ఈ విజయనగరం నేల మీదే కదా.

– నీళ్ళు నిండిన గోతుల్లో దిగొద్దు, ఈతొచ్చినా సరే. చెరువులా మెల్లగా లోతు పెరగదు, ఒక్క అడుగు తేడాలో నిలువునా లోతుంటది, పైకెక్కడానికి పట్టు దొరకదు. గట్టు అంచున సెల్ఫీలు కూడా వద్దు, పైకి గట్టిగా కనిపించినా కింద మట్టి కోసుకుపోయి ఉండొచ్చు. పిల్లలుంటే చెయ్యి వదలొద్దండి బాబూ.

– సొరంగంలాంటిది కనిపిస్తే బయట్నుంచే చూడండి. లోపల గాలాడదు, ఆక్సిజన్ తక్కువుంటే మనకి తెలిసేలోపే కళ్ళు తిరిగి పడిపోతాం, కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళూ పడిపోతారు.

– ముందు ఊళ్ళో అడగండి. పాతది అనుకున్న చోట పక్కనే ఎవరిదో తవ్వకం లీజు నడుస్తుండొచ్చు, బ్లాస్టింగ్ ఉండొచ్చు, పర్మిషన్ లేకుండా లోపలికెళ్ళొద్దు.

– తుపాను వానలు పడితే ఆ వారం మానుకోండి. డంప్‌ల (గనిలోంచి తీసి పోసిన గుట్టల) మట్టి వదులుగా ఉంటది, జారిపోద్ది.

– గోతి నీళ్ళు తాగొద్దు, ఎంత తేటగా ఉన్నా. మనిషికి 3 లీటర్లు మోసుకెళ్ళండి, అక్కడ నీడ తక్కువ.

– బూట్లు తప్పనిసరి, గడ్డిలో పాములుంటాయి.

– గరివిడి లేదా చీపురుపల్లి స్టేషన్‌లో తిరుగు ట్రైన్ టైమ్ పొద్దున్నే చూసుకోండి, చీకటి పడకముందే రోడ్డెక్కేయాలి.