బలమైన సముద్ర చేపల కోసం మిత్రులతో గాలం వేట: సన్నాహం నుంచి చేపను వదిలే దాకా

ఉప్పునీటిలో గట్టిగా పోరాడే చేప గాలానికి తగిలిన మొదటి అర నిమిషంలోనే తన బలంలో చాలా భాగం చూపిస్తుంది. వేట ఫలితం కూడా తరచుగా ఆ అర నిమిషంలోనే తేలిపోతుంది. అప్పటికప్పుడు ఆలోచించుకోవడానికి, ఒకరినొకరు సంప్రదించుకోవడానికి అందులో వ్యవధి ఉండదు. అందుచేత ఎవరు ఏ పని చేయాలో ఒడ్డున ఉండగానే తేల్చుకున్న మిత్ర బృందానికి చేప దక్కే అవకాశం ఎక్కువగా ఉంటుంది. అలా తేల్చుకోని బృందంలో ఎంత అనుభవజ్ఞుడున్నా, పక్కవారి దారాలు చిక్కుపడి చేప తప్పిపోతూ ఉంటుంది. పనిముట్ల గురించి, పోటుపాట్ల గురించి ఎంత చెప్పుకున్నా వాటన్నిటికీ ఆధారం ఈ ముందస్తు ఒప్పందమేనని నా గట్టి నమ్మకం.

చేప పోరాడే తీరు

అన్ని చేపలూ ఒకే విధంగా పోరాడవు కనుక, ఏ చేప కోసం వెళుతున్నామో దానిని బట్టే సన్నాహం ఉండాలి. జెయింట్ ట్రెవల్లీ ఎరను అందుకున్న వెంటనే తల తిప్పి దగ్గరలోని రాతి దిబ్బ వైపు దూసుకుపోతుంది. దాని శరీరం పక్కలకు వెడల్పుగా ఉండటం వల్ల, నీటిలో అడ్డం తిరిగినప్పుడు దాని అసలు బరువు కంటే ఎంతో ఎక్కువ బరువును లాగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. ఈ జాతిలో గాలానికి చిక్కిన వాటిలో నమోదైన ప్రపంచ రికార్డు 72.8 కిలోలు, అది 2006లో జపాన్ జలాల్లో దొరికింది. ట్యూనా దిబ్బను వెతుక్కోదు, నేరుగా లోతుకు దిగుతుంది. దాని కండరాలు చుట్టూ ఉన్న నీటి కంటే వెచ్చగా ఉండే నిర్మాణం దానికి ఉండటం వల్ల చాలాసేపు అలుపు లేకుండా ఈదగలదు, చివర్లో పడవ కింద గుండ్రంగా తిరుగుతూ వేటగాడి ఓపికను పరీక్షిస్తుంది. వంజరం, బారకుడా వంటి వాటి తొలి పరుగు మహా వేగంగా ఉంటుంది, కాని వాటితో అసలు చిక్కు పరుగు కాదు, దారాన్ని తెగ్గొట్టే పళ్ళు. పండుగప్ప నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది; దాని మొప్పల మూత అంచు దారాన్ని కోసేంత పదునుగా ఉంటుంది.

రాడ్, రీల్, దారం

ఒడ్డు దగ్గర తిరిగే మధ్య తరహా చేపలకు 30 నుంచి 50 పౌండ్ల లాగుడును తట్టుకునే బ్రెయిడ్ (సన్నని పోగులను అల్లిన) దారం, దానికి తగిన బలమున్న రాడ్, కనీసం 300 మీటర్ల దారం పట్టే రీల్ సరిపోతాయి. రాతి దిబ్బల దగ్గర పెద్ద ట్రెవల్లీలను ఆశించేవారు 80 పౌండ్లకు తగ్గకుండా తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ చేపను పరుగెత్తనిచ్చి అలసిపోయేలా చేసే అవకాశమే ఉండదు. బ్రెయిడ్ సన్నగా ఉండి దాదాపు సాగకుండా ఉండటం వల్ల దూరం పోతుంది, ఎర కదలికను చేతికి స్పష్టంగా తెలియజేస్తుంది. కాని రాతికి, శంఖు గుల్లలకు రాచుకుంటే క్షణంలో తెగిపోతుంది. అందుకే దాని చివర మందమైన నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ లీడర్‌ను రెండు నుంచి నాలుగు మీటర్ల పొడవున కలుపుకోవాలి. పళ్ళున్న చేపలకైతే గాలానికి ముందు ఒక జానెడు ఉక్కు తీగ అవసరం. రీల్‌లో దారం చుట్టుకునే ఖాళీ స్పూల్‌పై నేరుగా బ్రెయిడ్ చుడితే పట్టు లేక మొత్తం చుట్ట గిర్రున తిరిగిపోతుంది, కాబట్టి ముందు కొన్ని చుట్లు నైలాన్ చుట్టి, ఆ పైన బ్రెయిడ్‌ను బిగువుగా ఎక్కించాలి.

లీడర్‌ను బ్రెయిడ్‌కు కలపడానికి ఎఫ్.జి. ముడి అన్నిటికంటే మేలైనది. అది సన్నగా ఉండి రాడ్ రింగుల గుండా తట్టుకోకుండా జారిపోతుంది. అయితే ఊగుతున్న పడవలో దానిని మొదటిసారి నేర్చుకోవడం కుదరని పని. ఇంట్లో కూర్చుని చేతులకు అలవాటయ్యే వరకు కట్టి, ప్రతి ముడినీ బలంగా లాగి చూడాలి. ఏ ముడినైనా బిగించే ముందు తప్పనిసరిగా తడపాలి, లేకపోతే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడుతుంది. ఒక్కొక్కరికీ రెండు మూడు లీడర్లు ముందుగానే కట్టి చుట్టి ఉంచుకుంటే, చేపలు ఉధృతంగా ఎరలు అందుకుంటున్న సమయంలో ముడులతో కాలం వృథా కాదు.

చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొంత బిగువు మీద జారనిచ్చే రీల్‌లోని అమరికే డ్రాగ్. దాని విషయంలో చాలామంది చేతి అంచనాపై ఆధారపడతారు, నేను దానిని ఎంతమాత్రం సమర్థించను. దారం తెగే బలంలో మూడో వంతు దగ్గర డ్రాగ్ జారేలా అమర్చడం సాధారణ నియమం. 50 పౌండ్ల దారమంటే సుమారు 22.7 కిలోలు, కాబట్టి డ్రాగ్ ఏడు, ఏడున్నర కిలోల దగ్గర జారాలి. దారాన్ని రాడ్ రింగులన్నిటి గుండా తీసి, చివరను స్ప్రింగ్ త్రాసుకు కట్టి, ఒక మిత్రుడు త్రాసు పట్టుకోగా మరొకరు చేపతో పోరాడే కోణంలో రాడ్ ఎత్తి లాగితే అసలు కొలత తెలుస్తుంది. ఈ పని బృందంలో ప్రతి రీల్‌కూ జరగాలి. చేప దారాన్ని లాక్కుపోయే కొద్దీ స్పూల్‌పై చుట్ట చిన్నదవుతుంది. చుట్ట వ్యాసం సగానికి తగ్గితే, మీటను ముట్టుకోకపోయినా లాగుడు రెట్టింపు అవుతుంది. నీటిలో చాచుకున్న పొడవైన దారం కలిగించే నిరోధం దీనికి అదనం. అందుచేత చాలా దూరం పరుగెత్తిన చేపపై డ్రాగ్‌ను ఇంకా బిగించడం దారాన్ని చేతులారా తెంచుకోవడమే, అలాంటప్పుడు కొంచెం సడలించడమే సరైన పని.

సజీవమైన ఎరకు సర్కిల్ హుక్ వాడటం మంచిది. దాని మొన లోపలికి తిరిగి ఉండటం వల్ల చేప ఎరను మింగి మళ్ళేటప్పుడు సాధారణంగా దవడ మూలలో గుచ్చుకుంటుంది, కడుపులో దిగడం అరుదు. అయితే చేప లాగినట్టు తెలియగానే రాడ్‌ను ఝాడించకూడదు; దారం బిగుసుకునే దాకా నెమ్మదిగా రీల్ తిప్పాలి. పాపర్లు, స్టిక్‌బెయిట్‌ల వంటి కృత్రిమ ఎరలకు మూడు కొక్కేల గాలాల కన్నా, మొన వెనుక ఉండే ఎదురు ముల్లును నొక్కేసిన ఒంటి గాలాలు చేపకూ మనుషులకూ క్షేమం.

చోటు, వేళ

వేటాడే చేపలు ప్రవాహం ఉన్న చోటే ఉంటాయి. నీరు వచ్చి దిబ్బను ఢీకొనే వైపున చిన్న చేపలు గుంపుగా నిలుస్తాయి, వాటి కోసం పెద్దవి అక్కడే కాచుకుంటాయి. దిబ్బకు వెనుక ప్రశాంతంగా కనిపించే నీరు చూపుకు బాగున్నా తరచుగా నిరాశనే మిగులుస్తుంది. నది మొగల దగ్గరైతే ఆటు సమయమే అనుకూలం, ఎందుకంటే తగ్గుతున్న నీటితో పాటు రొయ్యలు, చిరుచేపలు బయటికి కొట్టుకు వస్తాయి. అమావాస్యకు, పూర్ణిమకు పోటుపాట్లు పెద్దవిగా, అష్టమి ప్రాంతాల్లో చిన్నవిగా ఉంటాయి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కనుక, ఈ రోజు బాగున్న వేళ రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. తెల్లవారుజామున, సాయంసంధ్యలో ప్రవాహం మారే వేళ కలిసొచ్చే రోజును ఎంచుకుని ప్రయాణం పెట్టుకోవడం, అందరికీ సెలవు దొరికిన రోజున వెళ్ళడం కంటే ఎంతో ప్రయోజనకరం. నీటిపై పక్షులు మునకలు వేస్తున్నా, చిరుచేపలు గుంపుగా పైకి ఎగిరి చెదురుతున్నా, పడవను వాటి మధ్యకు పోనివ్వక కొంత దూరంలో ఇంజన్ తగ్గించి అంచున ఎర వేయాలి.

ప్రాణరక్షణ

పడవలో ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి, సీటు కింద పెట్టడం లెక్కలోకి రాదు. రాళ్ళపై నుంచి వేటాడేవారు దిగే ముందు కనీసం ఇరవై నిమిషాలు సముద్రాన్ని గమనించాలి. పెద్ద కెరటాలు విడతలు విడతలుగా వస్తాయి కాబట్టి రెండు నిమిషాల ప్రశాంతతను నమ్మకూడదు. నిలబడబోయే రాయి తడిగా ఉందంటే కెరటం అక్కడిదాకా వస్తోందనే అర్థం. గాలి ఒక వైపు, ప్రవాహం దానికి ఎదురుగా ఉన్నప్పుడు అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. మొగ దాటి తిరిగి రావలసినవారు ఆ వేళను ముందే లెక్కగట్టుకోవాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. కార్బన్ రాడ్లు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి కనుక వాటిని వెంటనే పడుకోబెట్టి తీరం చేరాలి. వి.హెచ్.ఎఫ్. రేడియోలో 16వ ఛానల్ ఆపద పిలుపుల కోసం అంతర్జాతీయంగా కేటాయించినది, దానిని వాడటం సరంగుకు మాత్రమే కాక మరొకరికైనా తెలిసి ఉండాలి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఉన్నవారికి చెప్పి వెళ్ళాలి. ఎగిరివచ్చే ఎర కంటికి తగిలే ప్రమాదం నిజమైనది కనుక పోలరైజ్డ్ కళ్ళద్దాలు నీటిలోకి చూడటానికి మాత్రమే కాక రక్షణకూ అవసరం.

చేప తగిలినప్పుడు

చిన్న పడవలో ఒకేసారి ఇద్దరికి మించి ఎర విసరకూడదు. ఒకరు ముందు భాగం నుంచి, మరొకరు వెనుక నుంచి, తల మీదుగా మాత్రమే, వెనక్కి చూసి హెచ్చరించిన తరువాతే విసరాలి. మిగిలినవారి వంతు ఎప్పుడో ముందే నిర్ణయించుకోవాలి: పావుగంటకు ఒకసారి మారడమా, చేప తగిలిన తరువాత మారడమా అన్నది బృందం ఇష్టం, కాని ఆ నిర్ణయం అక్కడికక్కడ జరగకూడదు. చేప తగిలిందని ఒకరు కేక వేయగానే మిగిలిన దారాలన్నీ వెంటనే పైకి రావాలి. తగిలిన చేపను అనుసరించి మరికొన్ని వస్తాయన్నది నిజమే, వాటి కోసం ఇంకో ఎర వేయాలన్న కోరిక కలగడమూ సహజమే. కాని బాగా కలిసి పనిచేయడం అలవాటైన బృందం తప్ప ఇతరులు ఆ పని చేయకపోవడం మంచిది. సరంగు పడవను దిబ్బకు దూరంగా లోతు వైపు నడపాలి. ఒకరు నేలపై ఉన్న రాడ్లను, ఎరలను తొలగించి దారి చేయాలి. మరొకరు వల, చేతి తొడుగులు, కత్తెర, ప్లయర్స్ సిద్ధం చేసుకోవాలి. పోరాడుతున్న వ్యక్తికి సూచనలు ఇచ్చేది ఒక్కరే అయి ఉండాలి, నలుగురి మాటలు వింటూ ఎవరూ సరిగా పోరాడలేరు. ఇతరులు రాడ్‌ను గాని రీల్‌ను గాని ముట్టుకుంటే, 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గాలపు వేట సంఘం ఐ.జి.ఎఫ్.ఎ. నియమాల ప్రకారం ఆ చేప రికార్డుకు అర్హత కోల్పోతుంది. రికార్డు ఆశ లేనివారు అలసిన మిత్రుడికి సంకోచం లేకుండా సాయం చేయవచ్చు.

చేప పరుగెత్తుతున్నంతసేపు రీల్ తిప్పకూడదు. స్పిన్నింగ్ రీల్‌లో అలా తిప్పితే దారం లోపలికి రాదు సరికదా మెలికలు పడుతుంది. పరుగు ఆగగానే రాడ్‌ను కొద్దిగా పైకి ఎత్తి, దించుతూ దారాన్ని చుట్టుకోవాలి. ఎత్తడం చిన్నదిగా ఉండాలి, దించేటప్పుడు దారం వదులు కాకూడదు. రాడ్‌ను నిటారుగా నిలబెడితే బరువంతా సన్నని కొనపై పడి విరుగుతుంది, మోకాళ్ళు వంచి, నడుము బలంతో తక్కువ కోణంలో లాగడమే చేపను త్వరగా అలసిపోయేలా చేస్తుంది. చేప గాలిలోకి ఎగిరినప్పుడు మాత్రం రాడ్‌ను దాని వైపు వంచి క్షణంపాటు ఒత్తిడి తగ్గించాలి. ట్యూనా పడవ కింద గుండ్రంగా తిరుగుతున్నప్పుడు, అది పైకి వచ్చే అర్ధవలయంలో దారం సంపాదించుకుని, కిందికి పోయే అర్ధవలయంలో దానిని నిలుపుకుంటే చాలు. ఎంత తొందరున్నా దారాన్ని చేతికి చుట్టుకోవడం మాత్రం ఎవ్వరూ చేయకూడదు, బ్రెయిడ్ వేలిని ఎముక దాకా కోయగలదు.

చేతికి వచ్చిన తరువాత

వదలదలచుకున్న చేపను వీలైనంత వరకు నీటిలోనే ఉంచి గాలం తీయాలి. ఫోటో కావాలంటే కెమెరా సిద్ధమైన తరువాతే, తడి చేతులతో, ఒక చేయి తోక మొదట, మరొకటి పొట్ట కింద ఆనించి అడ్డంగా ఎత్తాలి. దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే పెద్ద చేప వెన్నుకు, లోపలి అవయవాలకు గాయమవుతుంది. దీర్ఘ పోరాటంలో దాని కండరాల్లో ఆమ్లం పేరుకుపోయి ఉంటుంది, కాబట్టి తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, నోటి గుండా మొప్పలకు నీరు అందేలా పట్టుకుని, తోక తనంతట తాను బలంగా కొట్టినప్పుడు వదలాలి. ముందుకూ వెనక్కీ ఊపడం వల్ల మేలు లేదు. చుట్టూ సొరచేపలు తిరుగుతుంటే వేట ఆపి చోటు మార్చడమే న్యాయం, అలసిన చేపను వాటికి అప్పగించడం వదిలినట్టు కాదు.

ఉంచుకోదలచిన చేప విషయంలో స్థానిక పరిమాణ పరిమితులు, నిషేధ కాలాలు ముందే తెలుసుకుని ఉండాలి. దానిని వెంటనే చంపి, మొప్పల దగ్గర రక్తం తీసి, మంచులో సముద్రపు నీరు కలిపిన పెట్టెలో పూర్తిగా మునిగేలా పెట్టాలి. ట్యూనా, వంజరం ఎండలో ఉండిపోతే వాటి మాంసంలో హిస్టమిన్ పెరుగుతుంది, అది వండినా పోదు. పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద బారకుడా, ట్రెవల్లీలలో సిగ్వాటెరా అనే విషం ఉండవచ్చు. దానినీ వంట నాశనం చేయలేదు, కాబట్టి వాటిని వదిలేయడమే మంచిది.

తిరిగి వచ్చిన రోజే డ్రాగ్ కొంచెం బిగించి, రీళ్ళపై మంచినీరు సన్నగా చల్లి ఉప్పు పోగొట్టాలి. ధారగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరిన తరువాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి దాచితే లోపలి పట్టీలు నొక్కుకుపోవు. బ్రెయిడ్ మొదటి కొన్ని మీటర్లను వేళ్ళ మధ్య జార్చి చూసి, గరుకుగా తగిలిన చోటు దాకా కోసేయాలి, తుప్పు మొదలైన గాలాలను మార్చేయాలి.