మొటిమల కోసం రక్తపరీక్షకు వెళ్తున్నారా? ముందు ఒక సంచి సర్దుకోండి

గత నెలలో ఒక తల్లి, కూతురు విశాఖ మహారాణిపేటలోని మా ల్యాబుకు వచ్చారు. అమ్మాయికి 24 ఏళ్లు. దవడ వెంబడి, గడ్డం కింద మూడేళ్లుగా తగ్గని మొటిమలు. శ్రావణంలో పెళ్లి. ముహూర్తం ఖాయం కాగానే ఆ మొటిమల మూలమేదో తేల్చేద్దామని ఫోనులో ఒక ప్యాకేజీ చూసి, ఇంటికే మనిషిని రప్పించుకుని రక్తం ఇచ్చారట. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, థైరాయిడ్ తయారుచేసే టీ4 బాగా ఎక్కువ. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని దాన్ని అణిచే మాత్రలు మొదలుపెట్టారు. నెలన్నర తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే మళ్లీ అవే అంకెలు. మోతాదు పెంచారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ముఖం ఉబ్బిపోయి ఉంది, మెట్లెక్కి కుర్చీలో కూలబడింది.

ఇంకేం మందులు వాడుతున్నారని అడిగాను.

“ఈ థైరాయిడ్ మాత్ర తప్ప ఏమీ లేవండి” అంది తల్లి.

“జుట్టుకు?”

“అవి మందులు కావు కదండీ.”

అమ్మాయి హ్యాండ్‌బ్యాగు తెరిచి గులాబీ మూత ఉన్న సీసా బల్ల మీద పెట్టింది. బయోటిన్, 10 మిల్లీగ్రాములు. ఏడు నెలలుగా రోజుకొకటి. డాక్టరుతో మాట్లాడి ఆ సీసా మాన్పించి, వారం తర్వాత రక్తం తీస్తే టీఎస్‌హెచ్ 40 దాటింది, అంటే థైరాయిడ్ బాగా మందగించింది. సవ్యంగా పనిచేస్తున్న గ్రంథిని మాత్రలతో పడుకోబెట్టారన్న మాట. ఈలోగా పిల్లకు థైరాయిడ్ ఉందన్న మాట వియ్యాలవారి చెవిన పడనే పడింది. ఆ రభస వేరే కథ.

ఇరవై రెండేళ్లుగా రక్తం తీస్తున్నాను. రక్తపరీక్షలో జనం కొంప మునగడానికి కారణం సూది కాదు, యంత్రం కూడా కాదు. ఏం మింగుతున్నారో, ముఖానికి ఏం రాస్తున్నారో చెప్పకుండా చేయి చాపడం. ఆషాఢం వచ్చిందంటే మా బల్ల ముందు పెళ్లికూతుళ్ల వరస మొదలవుతుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ముఖం కడుక్కోండి, నీళ్లు తాగండి వంటివి చెప్పడానికి వేరే వాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ఆ బయోటిన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. జుట్టు, గోళ్లు, చర్మం పేరుతో అమ్మే మాత్రలో అంతకు మూడు వందల రెట్లకు పైగా ఉంటుంది. హార్మోన్లు కొలిచే చాలా యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటను కొక్కెంలా వాడుకుంటాయి. మీ రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే కొక్కేలన్నీ దానితోనే నిండిపోతాయి. అప్పుడు టీఎస్‌హెచ్, అండాశయాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4, మగ హార్మోన్‌గా పేరున్న టెస్టోస్టెరాన్ ఎక్కువగా కనిపించవచ్చు. మొటిమలు తగ్గుతాయని వేసుకున్న మాత్రే, మొటిమలకు టెస్టోస్టెరాన్ కారణమని దొంగసాక్ష్యం చెబుతుందన్న మాట. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. అన్ని యంత్రాలకూ ఈ చిక్కు లేదు. మీ రక్తం ఏ యంత్రంలోకి వెళ్తుందో మీకు తెలియదు కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. పెద్ద మోతాదు వాడేవాళ్లు ఇంకా ముందే ఆపాలి, ఎన్నాళ్లో డాక్టరును అడగండి.

రెండోది గర్భనిరోధక మాత్ర. దీన్ని మన ఇళ్లలో ఆ పేరుతో పిలవరు, ‘నెలసరి సరిచేసే మాత్ర’ అంటారు. అందుకే అడిగినా బయటికి రాదు. ఇది అండాశయాల నుంచి వచ్చే టెస్టోస్టెరాన్‌ను తగ్గిస్తుంది, దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. రిపోర్టు బంగారంలా వస్తుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గతితప్పే అండాశయాల సమస్య) ఉన్న అమ్మాయి ఏమీ లేదని ఇంటికి వెళ్లిపోతుంది. హార్మోన్లు సరిగ్గా తెలియాలంటే ఈ మాత్ర ఆపి కనీసం మూడు నెలలు గడవాలని పీసీఓఎస్ అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అలాగని మీ అంతట మీరే ఆపేయకండి. గర్భం రాకుండా వాడుతున్నవాళ్లు అసలే ఆపకండి. ఆపమనడం లేదు, చెప్పమంటున్నాను.

మూడోది గ్యాస్ కాప్సూల్. పరగడుపున వేసుకునే చాలా గ్యాస్ కాప్సూళ్లలో డోంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చిందని మెదడు స్కానింగు దాకా పరుగెత్తి, తీరా చూస్తే పొద్దున్నే మింగిన కాప్సూలు అని తేలినవాళ్లు నాకు తెలుసు.

ఇక ముఖానికి రాసేవి. ‘తెల్లదనం క్రీము’ అని మందుల దుకాణంలో నోటితో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా దొరుకుతూనే ఉన్నాయి. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది. ఆ తర్వాత మొటిమలు గుంపులుగా లేస్తాయి, మానేస్తే ముఖం మండుతుంది, మళ్లీ రాస్తారు. ఈ మొటిమలకు మూలం ఏ రక్తపరీక్షలోనూ దొరకదు. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉందేమో చూడండి.

కాబట్టి ఒక సంచి తీసుకోండి. మింగేవి, రాసేవి, నీళ్లలో కలుపుకుని తాగేవి, ఆకుపొడులు, జిమ్ము డబ్బాలు అన్నీ అందులో వేసి తెచ్చి బల్ల మీద బోర్లించండి. ఏది మందో ఏది కాదో మేం చూసుకుంటాం.

అసలు పరీక్షలు ఎవరికి కావాలి? మొటిమలున్న వాళ్లలో ఎక్కువమందికి అక్కర్లేదు. ఇది అమెరికా చర్మవైద్యుల అకాడమీ మాట, మా వ్యాపారానికి గిట్టని మాట. నెలసరి 35 రోజులు దాటి వస్తుండటం, పైపెదవి మీద, గడ్డం మీద మందపాటి వెంట్రుకలు, నడినెత్తిన జుట్టు పలచబడటం, మెడ వెనుక నల్లటి మందమైన చర్మం, ఉన్నట్టుండి బరువు పెరగడం, వీటిలో ఏదైనా మొటిమలతో పాటు ఉంటే పరీక్షలకు అర్థం ఉంది. గొంతు బొంగురుపోయి, కొద్ది నెలల్లోనే ఇవన్నీ ముంచుకొస్తే ఆలస్యం చేయకండి, కణితి ఉందేమో చూడాలి. ఏడేళ్ల లోపు పిల్లలకు నిజమైన మొటిమలు వచ్చినా డాక్టరుకు చూపించాల్సిందే.

అలాంటి వాళ్లకు డాక్టరు రాసేవి సాధారణంగా టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ, అడ్రినల్ గ్రంథుల తీరు చెప్పే డీహెచ్ఈఏఎస్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్, ఆపైన ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, షుగరు. వేళ ముఖ్యం. టెస్టోస్టెరాన్‌కు ఉదయం 8 నుంచి 10 లోపు రండి. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్‌కు నెలసరి మొదలైన తొలి రోజుల్లోనే, అదీ పొద్దున్నే. అండం విడుదలయ్యాక అది ఎవరికైనా పెరుగుతుంది, లేని జబ్బు అంటగడుతుంది. ఈ ఒక్క తేదీ తప్పి రెండుసార్లు డబ్బు కట్టినవాళ్లు చాలామంది.

రుషికొండలో రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారి కాసేపు నిద్రపోయి, లేస్తూనే స్కూటీ మీద వచ్చేవాళ్లున్నారు. నిద్రలో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. లేచాక రెండు మూడు గంటలు ఆగి రండి. రాత్రి పని అని చెప్పండి.

మెట్లు ఎక్కి వచ్చి వెంటనే చేయి చాపకండి, పావుగంట కూర్చోండి.

60 పరీక్షల ప్యాకేజీ కొనకండి. రిపోర్టులో అంకె పక్కన ఇచ్చే మామూలు పరిధి గీసేదే ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది విలువలను బట్టి. 20 పరీక్షలు చేస్తే ఏ జబ్బూ లేని మనిషికైనా ఏదో ఒకటి గీత దాటే అవకాశం సగానికి పైనే. ఆ ఒక్క ఎర్ర అంకె పట్టుకుని నెలలు తిరుగుతారు.

‘రక్తం చెడిపోయింది’ అనడానికి పరీక్ష లేదు. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఏ ఆహారం పడదో చెబుతామంటూ వందల పదార్థాలకు చేసే ఐజీజీ (రక్తంలోని ఒక రకం ప్రతిరక్షకం) పరీక్ష వద్దు. తిన్నదాని గుర్తులే అందులో కనిపిస్తాయి, మొటిమల కారణం కాదు.

నుదురు మీద, వీపు మీద ఒకే సైజులో దురద పెట్టే పొక్కులా? ఈ సముద్రపు ఉక్కలో అది ఫంగస్ కావచ్చు. రక్తం ఇవ్వకండి, చర్మం చూపించండి. యాంటీబయాటిక్ సొంతంగా వేసుకుంటే అది ఇంకా పెరుగుతుంది.

బీ12 ఇంజక్షన్లు చేయించుకుంటున్నారా? చెప్పండి. కొందరికి వాటితోనే మొటిమలు వస్తాయి.

క్షయ మందులు, మూర్ఛ మందులు వాడుతున్నారా? చెప్పండి. ఒక్క పూట కూడా మానకండి.

మగపిల్లలూ, జిమ్ములో ఎవరో ఇచ్చిన ఇంజక్షన్ సంగతి అమ్మానాన్నల ముందు చెప్పలేకపోతే వాళ్లను బయట కూర్చోమని మాతో చెప్పండి. కానీ చెప్పండి.

మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మొదలుపెట్టే ముందు రాసిన లివర్, కొవ్వు పరీక్షలు ఎగ్గొట్టకండి. ఆడవాళ్లు గర్భపరీక్ష తప్పించుకోకండి, పెళ్లి కాలేదని నొచ్చుకోకండి. ఆ మందు బిడ్డకు ఘోరమైన అవకరాలు తెస్తుంది. పెళ్లి దగ్గర్లో ఉంటే ఆ తేదీ డాక్టరుకు ముందే చెప్పండి, గర్భం దాల్చాలంటే మందు ఆపాక కూడా నెల గడవాలి.

రెండోసారి పరీక్షకు మొదటి ల్యాబుకే వెళ్లండి. యంత్రం మారితే అంకె మారుతుంది.

రిపోర్టు ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టకండి.

హార్మోన్లు మామూలుగా వచ్చాయని నిరాశపడి మూడో ల్యాబుకు పోకండి. దవడ మొటిమలున్న ఆడవాళ్లలో చాలామందికి అవి మామూలుగానే ఉంటాయి, చర్మమే వాటికి ఎక్కువ స్పందిస్తుంది. వైద్యం అప్పుడూ ఉంది.

ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు మందుల గురించి అడగకపోతే మీరే అన్నీ చెప్పి చీటీ మీద రాయించండి. రాయడానికి చోటు లేదంటే వెనుక వైపు రాయమనండి. రాయనంటే చేయి ఇవ్వకండి.