చమోరో వంట – 3వ పాఠం: ఎర్రన్నం, ఫినడెని

పోయిన పాఠంలో కొబ్బరి కోరడం నేర్చుకున్నాం. ఈసారి పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా దీవుల్లో ఒకటైన గువామ్‌లో ఏ పండగ విందులోనైనా వడ్డించే ఎర్రన్నం చేద్దాం. అక్కడి మూలవాసులైన చమోరోలు దీన్ని హినెక్సా అగాగా అంటారు.

పొయ్యి వెలిగించే ముందు ఈ అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. చమోరోల పూర్వీకులు సుమారు 3500 ఏళ్ళ కిందట ఆగ్నేయాసియా దీవుల నుంచి సముద్రం దాటి మరియానా దీవులకు చేరారు. 1521లో పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ ఓడలు రాకముందే అక్కడ వరి పండేది. రోజువారీ తిండి మాత్రం దుంపలు, సీమపనస, చేపలు. అన్నం శుభాశుభాలకే వండేవారు. ఇప్పటికీ విందులో దానికి పెద్దపీట వేయడం నాకెంతో నచ్చుతుంది.

అన్నానికి ఎరుపు రంగు మాత్రం ఆ తర్వాత వచ్చింది. మెక్సికోలోని అకాపుల్కో నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలా వెళ్ళే స్పానిష్ ఓడలు దారిలో గువామ్‌లో ఆగేవి. ఆ కాలంలోనే అమెరికా ఖండపు అచోటి మొక్క అక్కడ పాతుకుంది. మన మన్యంలో పెరిగే జాఫ్రా అదే.

ఇక పని. రెండు కప్పుల బియ్యానికి పావు కప్పు జాఫ్రా గింజలు తీసుకోండి. మీ బియ్యానికి మామూలుగా పట్టే ఎసరు నీళ్ళు కొలిచి, గోరువెచ్చగా కాచి, గింజలు అరగంట నానబెట్టండి. ఆ తర్వాత చేత్తో పిసకాలి. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. రంగంతా గింజ పైపొరలోనే ఉంటుంది, నానినంత మాత్రాన పూర్తిగా దిగదు. వేళ్ళ మధ్య రుద్దుతూ ఉంటే నారింజరంగు నీళ్ళు క్రమంగా చిక్కటి ఎరుపుకి తిరుగుతాయి, గింజల మీది ఎర్రపొడి పోయి నున్నగా తగులుతాయి. అప్పుడు ఆపి, సన్నటి జల్లెడలో వడకట్టండి. గింజ ఒక్కటి మిగిలినా పంటి కింద రాయిలా తగులుతుంది. బట్టల మీద పడితే మరక వదలదు, జాగ్రత్త.

గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి ఉల్లిపాయ ముక్కలు వేయించండి. కడిగిన బియ్యం వేసి నిమిషం తిప్పి, ఎర్రనీళ్ళు, ఉప్పు వేసి మూత పెట్టండి. బాస్మతి వద్దు, కాస్త అంటుకునే పొట్టి బియ్యమే దీనికి బాగుంటుంది. బేకన్ (ఉప్పులో ఊరిన పందిమాంసం) తినేవాళ్ళు ఉల్లిపాయతో పాటు వేయించుకోవచ్చు. గువామ్‌లో చాలా ఇళ్ళలో ఇప్పుడు అచోటి పొడి పొట్లాలు వాడతారు. మీరు మాత్రం మొదట గింజలతోనే చేయండి, రంగు ఎంత దిగిందో చేతికి తెలుస్తుంది.

ఉడికేలోపు అన్నంలోకి పుల్లటి, కారపు సాస్ ఫినడెని కలపండి. అర కప్పు సోయా సాస్‌లో పావు కప్పు నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, నలిపిన పచ్చిమిరపకాయలు. ఉప్పు వేయొద్దు, సోయాలోదే చాలు. పది నిమిషాలు ఊరనిచ్చి రుచి చూడండి. ఉప్పు ముందుకొస్తే ఇంకాస్త నిమ్మరసం పిండండి. అన్నం మీదా, కాల్చిన మాంసం మీదా చెంచాతో పోసుకుంటారు.

వచ్చే పాఠం కెలాగ్వెన్: కాల్చిన కోడిమాంసం, నిమ్మరసం, పచ్చికొబ్బరి. ఆలోగా ఫినడెనిని ఒకసారి నిమ్మరసంతో, ఇంకోసారి వెనిగర్‌తో చేసి, మీ నోటికి ఏది నచ్చిందో రాసి పెట్టుకోండి.