డెక్సా అంకెలు నమ్మశక్యంగా లేనప్పుడు: క్రీడాకారుల శరీర కూర్పు కొలతల్లో సమస్యలు - పరిష్కారాలు

డెక్సా యంత్రం రెండు వేర్వేరు శక్తి స్థాయిల ఎక్స్ కిరణాలను శరీరం గుండా పంపి, అవి ఎంత క్షీణించాయో చూసి ఎముక ఖనిజాన్ని, కొవ్వును, మిగిలిన మృదు కణజాలాన్ని వేరు చేస్తుంది. ఈ మూడోదాన్నే నివేదికలో లీన్ మాస్ అంటారు. చాలామంది కోచ్‌లు దాన్ని కండ అని చదువుకుంటారు. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి.

సమస్య: వారం తిరగకుండానే లీన్ మాస్ కిలోన్నర పెరిగింది

వారంలో అంత కండ పట్టదు. లీన్ మాస్‌లో నీరు, గ్లైకోజన్ (కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం), కడుపులోని ఆహారం, మూత్రాశయంలోని మూత్రం అన్నీ కలిసే ఉంటాయి. ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కండరాల్లో చేరుతుంది కనుక, పోటీకి ముందు అన్నం, రొట్టెలు బాగా తిని 400 గ్రాముల గ్లైకోజన్ నింపుకున్న ఆటగాడి నివేదికలో కిలోన్నర "కండ" కనిపించడంలో వింత లేదు. కొత్తగా క్రియాటిన్ (కండబలం కోసం వాడే పూరకం) మొదలుపెట్టినా ఇదే జరుగుతుంది. బరువు వర్గం కోసం నీళ్లు మానేసిన మల్లయోధుడి విషయంలో కథ తిరగబడుతుంది: పోయింది నీరు, నివేదిక చూపేది లీన్ మాస్ నష్టం.

పరిష్కారం యంత్రంలో లేదు, ముందురోజు దినచర్యలో ఉంది. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా, ఉదయం పరగడుపున, మూత్ర విసర్జన చేసి, వ్యాయామానికి ముందే, పలుచని దుస్తులతో, లోహపు వస్తువులన్నీ తీసేసి స్కాన్ చేయించుకోవాలి. ముందురోజు కఠిన సాధన ఉండకూడదు. క్రియాటిన్ వాడుతుంటే ఆ సంగతి నివేదికపై రాయించాలి. ఈ నియమాలు పాటించని పాత స్కాన్‌ను ఆధార కొలతగా పెట్టుకోవడం కన్నా, దాన్ని పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: రెండు కేంద్రాల్లో రెండు రకాల కొవ్వు శాతం

ఎముక ఉన్నచోట యంత్రం కొవ్వును నేరుగా కొలవలేదు; పక్కనున్న కణజాలాన్ని బట్టి అంచనా వేస్తుంది. ఆ అంచనా సూత్రాలు తయారీదారును బట్టి, ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను బట్టి మారతాయి. అందువల్ల సీజన్ పొడుగునా ఒకే యంత్రంపై, వీలైతే ఒకే టెక్నీషియన్ చేత స్కాన్ చేయించాలి. యంత్రం మారక తప్పకపోతే పాత అంకెలతో పోల్చకూడదు.

సమస్య: ఆటగాడు బల్ల మీద పట్టడం లేదు

ఆరున్నర అడుగుల వాలీబాల్ ఆటగాడికి తలో పాదాలో స్కాన్ హద్దు దాటిపోతాయి. మోకాళ్లు మడిచి సర్దితే కాళ్ల కొలత చెడుతుంది. శరీరాన్ని రెండు భాగాలుగా స్కాన్ చేసి కలపవచ్చు; అయితే రెండు భాగాలను విడదీసే చోటు ప్రతిసారీ ఒకటే కావాలి. భుజాలు వెడల్పైనవారికి ఒక పక్క మాత్రమే స్కాన్ చేసి రెండో పక్కకు అదే అంకె వేసే పద్ధతి ఉంది. కుడిచేయి, ఎడమచేయి ఒకేలా ఉండని ఫాస్ట్ బౌలర్‌కు, జావెలిన్ విసిరేవారికి అది పనికిరాదు.

సమస్య: అల్ట్రాసౌండ్‌లో కొవ్వు పొర మందం ప్రతిసారీ మారుతోంది

కొవ్వు పొరను డెక్సాతో కాక అల్ట్రాసౌండ్‌తో కొలిచేచోట ఎక్కువసార్లు తప్పు చేతిది. ప్రోబ్‌ను (చర్మంపై ఆనించే పరికరాన్ని) కాస్త నొక్కినా చర్మం కింది కొవ్వు అణిగిపోతుంది. మందంగా జెల్ వేసి, ప్రోబ్ బరువు చర్మంపై పడకుండా పట్టుకోవాలి. కొలిచే చోటును ముందే గుర్తు పెట్టాలి. ఇంకో సంగతి తరచూ మరుగున పడుతుంది: యంత్రాలు సాధారణంగా ధ్వని వేగాన్ని సెకనుకు 1540 మీటర్లుగా తీసుకుంటాయి, కొవ్వులో అది సుమారు 1450 మాత్రమే. సరిచేయకపోతే మందం దాదాపు 6 శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

సమస్య: అన్నీ సరిగానే చేశాం, అయినా రెండు డెక్సా స్కాన్‌ల మధ్య 400 గ్రాముల తేడా

అది మార్పో, యంత్రపు పొరపాటో తేల్చాలంటే ఆ కేంద్రపు పునరావృత దోషం, అంటే ఒకే మనిషిని మళ్లీ కొలిస్తే అంకె ఎంత మారుతుందో, తెలియాలి. దానికోసం 30 మందిని రెండేసి సార్లు గానీ, 15 మందిని మూడేసి సార్లు గానీ, ప్రతిసారీ బల్ల మీంచి దింపి మళ్లీ పడుకోబెట్టి స్కాన్ చేస్తారు. వచ్చిన దోషాన్ని 2.77తో గుణిస్తే, 95 శాతం నమ్మకంతో నిజమైన మార్పు అనదగిన కనీస తేడా వస్తుంది. దోషం 0.3 కిలోలైతే ఆ హద్దు 0.83 కిలోలు, 400 గ్రాములను చూసి ఆటగాడి ఆహారం మార్చడం తొందరపాటు. స్కాన్ చేసే కేంద్రాన్ని ఈ అంకె అడగండి. చెప్పలేకపోతే వేరే కేంద్రం చూసుకోవచ్చు.