రాయగడకు కొత్తగా వచ్చారా? ముందు సంతకు వెళ్లండి

ఉద్యోగం మీద ఒడిశాలోని రాయగడ వచ్చే మనవాళ్లకు భాషతో పెద్ద ఇబ్బంది ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇప్పటికీ బజారులో తెలుగు నడుస్తుంది. మనకు అలవాటైన బియ్యం, ఇడ్లీ రవ్వ, ఆవకాయ అన్నీ దొరుకుతాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. అన్నీ కొట్లోనే ఉన్నాయి కదా అని మనం సంత వైపు వెళ్లం.

పన్నెండేళ్ల కిందట ఒంటరిగా వచ్చి నేను మొదటి ఏడాది అలాగే గడిపాను. పొద్దున బండి మీద పూరీ, మధ్యాహ్నం మెస్సులో అన్నం, నీళ్ల పప్పు, బంగాళాదుంప వేపుడు, రాత్రికి పచ్చడి మెతుకులు. కడుపు నిండేది. ఏడాది తిరిగేసరికి రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం మొదలైంది. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువగా ఉందన్నారు. డాక్టరుగారు మందు రాసే ముందు, "నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నావు?" అని అడిగారు. చెబుతుంటే నాకే తెలిసింది, రోజు మొత్తంలో ఒక్క ఆకుకూర లేదు, ఒక్క పండు లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో మొట్టమొదటిది ఇదే: రకరకాలు తినండి. రోజుకు 2000 కేలరీల భోజనానికి వాళ్ల లెక్కలో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, అదీ వండకముందు తూకం. ఆకుకూరలు, కూరగాయలు 400 గ్రాములు. మన కంచంలో అన్నం కొండంత, కూర నంజుకునేంత.

నా కంచం మార్చింది మా ఇంటి ఓనరమ్మ. ఇక్కడి అలవాటు ప్రకారం నేను మావుసీ, అంటే పిన్ని, అని పిలుస్తాను. ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని డాల్మా చేసి చూపించింది. పెసరపప్పు దోరగా వేయించి, అందులో పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, అరటికాయ, మునక్కాడ పెద్ద ముక్కలుగా వేసి పసుపుతో ఉడికించింది. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపి నేతిలో పోపు పెట్టింది. దించాక కొబ్బరి కోరు, వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి పైన చల్లింది. ఆ వాసనకే ఆకలి పుడుతుంది. ఒక్క గిన్నెలో పప్పూ ఐదు కూరగాయలూ వచ్చేశాయి. ఒంటరిగా వండుకునేవాళ్లకు ఇంతకంటే మంచి వంట నాకు తెలియదు. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైనది బియ్యం పూరిస్తుంది. అందుకే ఏ ఒక్కటీ మానక్కర్లేదు, పాళ్లు మార్చుకుంటే చాలు.

సంతలో ఒడియా మాటలు కొన్ని తెలిస్తే బేరం సులువు. శాగ అంటే ఆకుకూర, సజనా శాగ మునగాకు, కఖారు గుమ్మడి, జహ్ని బీరకాయ, కొలథ ఉలవలు. బొప్పాయిని అమృతభండా అంటారు, ఎంత అందమైన పేరో! వానాకాలంలో కొండల మీంచి ఆడవాళ్లు ఆకాకరకాయలు, పుట్టగొడుగులు తెస్తారు. పుట్టగొడుగులు వాళ్ల దగ్గరే కొనండి, మీరై ఏరుకోవద్దు. విషపువి ఏవో కొత్తవాళ్లు పోల్చుకోలేరు, ప్రాణం మీదికి వస్తుంది.

మాండియా అంటే మన చోళ్లే, రాగులు. 2017లో ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టిన జిల్లాల్లో రాయగడ, కోరాపుట్ ఉన్నాయి. ఏటా నవంబర్ 10న మాండియా దినం కూడా జరుపుతారు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. పొద్దున పూరీ బదులు ఒక గ్లాసు మాండియా జావు తాగి చూడండి. శ్రీకాకుళం వైపువాళ్లకు అది మన చోడి అంబలే.

వేసవిలో ఇక్కడివాళ్లు పఖాళ, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నం, తింటారు. మన తరవాణి అన్నం లాంటిదే. కొత్తవాళ్లు దాన్ని ఉప్పు మిరపకాయతో కానిచ్చేస్తారు, మావుసీ మాత్రం పక్కన శాగ వేపుడు, చిన్న చేపలు లేకుండా పెట్టదు. ఎండుచేపలు వాడితే బాగా కడిగి, కూరలో ఉప్పు తగ్గించండి. రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయలో ఉప్పు కూడా ఆ లెక్కలోదే. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. ఓ గంట ఆగండి. ఆఫీసులో ఇది మానడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

మొదటిసారి సంతకు పొద్దున్నే వెళ్లండి, చేతిసంచి, చిల్లర పట్టుకెళ్లండి. తెలియని ఆకు కనిపిస్తే ఒక్క కట్టే కొని, ఎలా వండాలో అమ్మే ఆవిడనే అడగండి. మాటలు రాకపోయినా చేత్తో చూపించి చెబుతారు.