సెమినార్‌కి లేచే ముందు చూసుకోవాల్సినవి

బీటెక్ సెమినార్‌లో గొంతు పూడుకుపోగానే చాలామంది "నాకు సబ్జెక్టు రాదు" అనుకుంటారు. చాలాసార్లు వచ్చే ఉంటుంది. దృష్టే చెప్పాల్సిన విషయం వదిలి చేతుల వణుకు మీదికి, గుండె దడ మీదికి పోతుంది. 1995లో మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ నలుగురి ముందు కలిగే ఈ భయాన్ని వివరించినప్పుడు ముఖ్యంగా పట్టుకున్నది దీన్నే.

– మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేదాకా పైకి అనుకోండి. మొత్తం బట్టీ పట్టొద్దు, ఒక్క మాట జారితే మిగతాదంతా ఆగిపోతుంది.

– పీపీటీని క్లాసులోని సిస్టమ్‌లోనే ఒకసారి తెరిచి చూడండి.

– రాత్రి నిద్ర మానొద్దు. పొద్దున స్ట్రాంగ్ కాఫీ వద్దు, దడ పెరుగుతుంది.

– ఫ్రెండ్ ఇచ్చాడని, గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర అస్సలు వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ రాస్తేనే వాడాలి.

– మీ పేరు పిలిచేలోపు ఊపిరి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలండి. లేచాక వెనక బెంచీలో ఎవరు నవ్వుతున్నారో వెతక్కండి. తలూపుతూ వింటున్న ఒకరిని చూసి, వాళ్లకి అర్థమవుతోందా లేదా అన్నదే గమనిస్తూ చెప్పండి.

– భయంతో కాలేజీయే ఎగ్గొట్టే దాకా వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.