క్రికెట్ కిట్ కొనేవారికి: ముందు హెల్మెట్, ఆ తర్వాతే బ్యాట్

సంక్రాంతి సెలవులు దగ్గర పడగానే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో వరి కోసిన మళ్లను చదును చేసి, సున్నంతో గీతలు గీసి క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు. వాటిలో చాలావరకు ఇప్పటికీ టెన్నిస్ బంతితోనే జరుగుతాయి. అయితే అకాడమీలు చిన్న పట్టణాలకు కూడా రావడంతో పది, పన్నెండేళ్ల పిల్లలు సైతం లెదర్ బంతి పట్టుకుంటున్నారు. టెన్నిస్ బంతి తగిలితే వాత తేలుతుంది. లెదర్ బంతి తగిలితే ఎముక విరుగుతుంది. శని, ఆదివారాల్లో నల్లగొండ ఎన్‌జీ కాలేజీ మైదానంలో పిల్లలకు ఆట నేర్పే నన్ను తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది "సార్, ఏ బ్యాట్ కొనమంటారు?" అని. హెల్మెట్ సంగతి చాలామందికి చివర్లో, చేతిలో డబ్బులు మిగిలితేనే గుర్తొస్తుంది. ఈ వరుసను తిరగవేయమని అడగడానికే ఇది రాస్తున్నాను.

వరుస ఎందుకు మారాలో తెలియాలంటే బ్యాట్ ఎలా మారిందో ముందు చూడాలి. ఇప్పుడు విల్లో చెక్కను మునుపటి కంటే బాగా ఆరబెట్టి, తక్కువగా అదిమి, అదే బరువులో ఎంతో మందమైన బ్యాట్ చేస్తున్నారు. అంచులు లావెక్కాయి, వీపు ఉబ్బింది, చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిగ్గా ఉంటుంది. అందుకే బ్యాట్ మధ్యలో తగలని బంతి కూడా బౌండరీ తాడు దాటుతోంది. 2017 అక్టోబరులో అమల్లోకి వచ్చిన, క్రికెట్ నియమాలు రాసే లండన్ క్లబ్బు ఎంసీసీ నిబంధనలు దీనికి కళ్లెం వేశాయి: అంచు మందం 40 మిల్లీమీటర్లు, వీపు దగ్గర మొత్తం మందం 67 మిల్లీమీటర్లు, వెడల్పు 108 మిల్లీమీటర్లు మించకూడదు. బ్లేడ్ చెక్కతోనే ఉండాలన్న నియమం అంతకంటే పాతది. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగిన గొడవ తర్వాత అది నిబంధనల్లోకి ఎక్కింది.

బ్యాటింగ్ చేసేవాడికి కలిసొచ్చిన ఈ మార్పు ఎదురుగా ఉన్నవాళ్లకు ముప్పుగా మారింది. బంతి వేసి ముందుకు వంగిన బౌలర్‌కు, అతని వెనక నిలబడ్డ అంపైర్‌కు, బ్యాటర్‌కు అతి దగ్గరగా, షార్ట్ లెగ్‌లో కూర్చున్న ఫీల్డర్‌కు తప్పించుకునే వ్యవధి తగ్గిపోయింది. పాత బ్యాట్ల కాలంలోనే, 1998 ఫిబ్రవరిలో, ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డ మన దేశపు క్రికెటర్ రామన్ లాంబా తలకు బంతి తగిలి ప్రాణం పోగొట్టుకున్నారు. 2014 నవంబరులో ఇజ్రాయెల్‌లో హిల్లెల్ ఆస్కార్ అనే అంపైర్ బంతి తగిలి చనిపోయారు. దానికి రెండు రోజుల ముందే సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్ కన్నుమూశారు. 63 పరుగులతో ఆడుతున్న హ్యూస్ తలకు హెల్మెట్ ఉంది. బౌన్సర్ మాత్రం హెల్మెట్ కింద, మెడ మీద తగిలి మెదడుకు వెళ్లే రక్తనాళాన్ని చీల్చింది. మెడకు రక్షణ అన్న మాట ఆ తర్వాతే గట్టిగా వినిపించింది. ఆస్ట్రేలియా తన ఆటగాళ్లకు 2023 అక్టోబరు నుంచి ఫాస్ట్, మీడియం పేస్ బౌలింగ్ ఎదుర్కొనేటప్పుడు హెల్మెట్ వెనక బిగించే నెక్ గార్డ్ తప్పనిసరి చేసింది. అదే ఏడాది జూన్ నుంచి ఐసీసీ కూడా అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఫాస్ట్ బౌలర్లను ఎదుర్కొనే బ్యాటర్లకు, వికెట్ల దగ్గరగా నిలబడే కీపర్లకు, బ్యాటర్ ముందు అతి దగ్గరగా ఉండే ఫీల్డర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. కీపర్లు, దగ్గరి ఫీల్డర్ల సంగతి మన దగ్గర ఎవరూ పట్టించుకోరు.

హెల్మెట్ కొనడానికి పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లండి. తల కొలత చెప్పి తెప్పించుకున్న హెల్మెట్ సరిగ్గా కుదరడం అరుదు. లోపలి వైపు అతికించిన చీటీ మీద బీఎస్ 7928:2013 అని ఉందో లేదో ముందు చూడండి. ఇది బ్రిటిష్ ప్రమాణం. ఈ పరీక్షలో పై చిప్ప దెబ్బను ఓర్చుకుంటుందా అన్నది చూడటంతో ఆగరు. ముందంచుకూ ముఖం ముందుండే కమ్మీల జాలీకీ మధ్య సందులోంచి బంతి దూరి ముఖానికి తగులుతుందేమో కూడా చూస్తారు. చిన్నపిల్లలు ఆడే జూనియర్ బంతి పెద్దల బంతి కంటే చిన్నది కాబట్టి, ఆ హెల్మెట్‌ను ఏ బంతితో పరీక్షించారో కూడా చీటీ మీద చూడాలి. పెద్దల హెల్మెట్‌ను బిగించి పిల్లవాడికి పెడితే సరిపోదనడానికి ఇదొక కారణం.

తలకు పెట్టాక ముందంచు కనుబొమల పైన ఒక వేలు ఎడంలో, నేలకు సమాంతరంగా ఉండాలి. గడ్డం పట్టీ బిగించి, పిల్లవాణ్ణి తల అటూ ఇటూ విదిలించమనండి. తలతో పాటే హెల్మెట్ కదలాలి. తల తిరిగిన తర్వాత అది తిరిగిందంటే వదులుగా ఉన్నట్టే. తర్వాత అతను ఆడే బంతినే తీసుకొని ముందంచుకూ జాలీ పై కమ్మీకీ మధ్య ఆనించి లోపలికి నొక్కండి. బంతి దూరకూడదు. చూపు బాగా ఆనడం కోసం కొందరు పిల్లలు జాలీని కిందికి వంచుకుంటారు, స్క్రూలు వదులు చేసుకుంటారు. అలాంటి హెల్మెట్ పెట్టుకున్నవాడు తనకు రక్షణ ఉందనుకొని ధైర్యంగా బంతికి ఎదురెళతాడు, అందుకే దాన్ని ఇంకా ప్రమాదకరమైనదిగా లెక్కించాలి. నెక్ గార్డ్ అదే కంపెనీది, ఆ మోడల్‌కు సరిపోయేది తీసుకోండి. దాన్ని బిగించాక తల వెనక్కి వంచి చూస్తే మెడ పట్టేసినట్టు ఉండకూడదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా, మార్చవలసిందే. ఎవరో వాడి వదిలేసిన హెల్మెట్ కొనకండి. దాని మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో మీకు తెలియదు.

ఊరి జట్లలో పదకొండు మందికీ ఒక్కటే హెల్మెట్ ఉండటం మామూలే. ప్రతి ఒక్కరూ సొంతంగా కొనుక్కోలేరని నాకూ తెలుసు. కనీసం వెనక సైజు సర్దుకునే మరలున్న రెండు హెల్మెట్లు, ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి పిల్లలకు, చందా వేసుకొని కొనండి. టోర్నమెంటు కప్పుకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకున్నా ఫరవాలేదు.

మూడేళ్ల కిందట ఒక మ్యాచ్‌లో నేను అంపైర్‌గా ఉండగా పద్నాలుగేళ్ల కుర్రాడికి పుల్ షాట్ తప్పి హెల్మెట్ పక్కభాగానికి బంతి తగిలింది. కూలబడి, రెండు నిమిషాల్లో లేచి, "ఏం కాలే సార్" అన్నాడు. నేను సరేనన్నాను. తర్వాతి ఓవర్లో నన్ను "ఎన్ని కొట్టాలె సార్?" అని అడిగాడు, చెప్పాను. రెండు బంతులు ఆడి మళ్లీ అదే మాట, అదే గొంతుతో అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు గానీ నాకు వెలగలేదు. మైదానం దాటక ముందే వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ బాగానే వచ్చింది, ఒక రాత్రి ఉంచుకొని పంపారు. ఆ మధ్యలో అతణ్ణి ఆడనిచ్చింది నేనే, ఇంకో బంతి తలకు తగిలి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

అందుకని తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి, లేచి నవ్వినా సరే, మైదానం బయటికి తీసుకురండి. స్కోరు ఎంత, ఇప్పుడు బౌలింగ్ చేస్తున్నది ఎవరు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా ఓడామా అని నెమ్మదిగా అడగండి. జవాబు ఆలస్యమైనా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, తలనొప్పి, వికారం, చూపు మసకబారడం, తూలడం, వెలుతురు చూడలేకపోవడం వంటివి ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. ఏ లక్షణమూ లేకపోయినా ఆ రోజుకు ఆపేయడమే పిల్లల విషయంలో నేను పాటించే పద్ధతి, ఎందుకంటే లక్షణాలు ఆలస్యంగా బయటపడవచ్చు. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలినప్పుడు ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ 80 పరుగుల మీద ఉన్నారు. పరీక్షల తర్వాత మళ్లీ వచ్చి 92 దాకా ఆడారు. మర్నాడు ఉదయానికి లక్షణాలు కనిపించి మ్యాచ్ నుంచి తప్పుకున్నారు. ఆయన స్థానంలో దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్‌లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్, అంటే తలదెబ్బ తిన్నవారి బదులు బ్యాటింగ్, బౌలింగ్ కూడా చేయగల ఆటగాడు. ఆ నిబంధన అప్పటికి నెల రోజులది కూడా కాదు, ఆ ఆగస్టు 1నే అమల్లోకి వచ్చింది. మన టోర్నమెంట్లలో కూడా ఇలాంటి ఆటగాడికి బదులు మరొకరిని బ్యాటింగ్, బౌలింగ్ చేయనిస్తామని ముందే రాసుకుంటే, జట్టు నష్టపోతుందన్న భయంతో పిల్లవాణ్ణి ఆడించే అవసరం రాదు.

మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, చేయి గానీ కాలు గానీ బలహీనపడటం, చెవి ముక్కుల నుంచి రక్తం లేదా నీరు కారడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మెడ నొప్పి ఉందంటే కదిలించకండి, హెల్మెట్‌ను లాగకండి, తలను చేతులతో అలాగే కదలకుండా పట్టుకొని అంబులెన్స్ కోసం ఆగండి. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వేయవద్దు. మళ్లీ ఆటకు రావడం నెమ్మదిగా జరగాలి: ముందు విశ్రాంతి, తర్వాత బడి, తర్వాత పరుగు, తర్వాత నెట్స్‌లో సాధన, డాక్టరు ఒప్పుకున్నాకే మ్యాచ్.

ఇక బ్యాట్. ఎదుగుతున్న పిల్లవాడికి "రెండేళ్లు వస్తుంది" అని పెద్ద బ్యాట్ కొనకండి. బరువైన బ్యాట్ పట్టినవాడు బంతి దగ్గరికి ఆలస్యంగా చేరతాడు, బౌన్సర్‌కు తల తప్పించడం కూడా ఆలస్యమవుతుంది. పై చేయి ఒక్కదానితో బ్యాట్‌ను ముందుకు చాచి పట్టుకోమనండి. మోచేయి వణికిందంటే తక్కువ బరువున్నది చూడండి. నేర్చుకునే దశలో కశ్మీర్ విల్లో చాలు. అది ఇంగ్లిష్ విల్లో కంటే బరువుగా ఉంటుంది కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

కొత్త బ్యాట్‌తో నేరుగా మ్యాచ్‌కు వెళ్లకండి. ముఖం, అంచులు, కింది కొనపై పచ్చి అవిసె నూనెను గుడ్డతో పలుచగా రాయండి, స్టిక్కర్లకూ హ్యాండిల్‌కూ తగలనివ్వకండి, ఒక రాత్రి పడుకోబెట్టి ఆరనివ్వండి. తర్వాత చెక్క సుత్తితో ముఖమంతా మెల్లగా మొదలుపెట్టి, రోజురోజుకూ బలం పెంచుతూ, మొత్తం మీద ఐదారు గంటలు కొట్టాలి. అంచులను నేరుగా కొట్టకూడదు. సుత్తిని వాలుగా ఆనించి, పదునుగా ఉన్న మూల గుండ్రబడేలా తట్టాలి. మొదట్లో ప్రతి దెబ్బకూ సుత్తి గుర్తు పడుతుంది. గుర్తులు పడటం ఆగి, శబ్దం మొద్దుగా కాక ఖంగుమని వినిపించినప్పుడు పాత బంతితో క్యాచ్‌లు కొట్టించవచ్చు. బాగా ఆరబెట్టిన నేటి బ్యాట్లు మన ఎండలకు ఇంకా ఎండి పగులుతాయి. రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారు డిక్కీలోనో వదిలేస్తే ఒక్క వేసవిలో అంచుల్లో చీలికలు కనిపిస్తాయి.

బంతి విషయం క్లుప్తంగా: 13 ఏళ్ల లోపు పిల్లలకు నిబంధనలు చెప్పే బంతి 133 నుంచి 144 గ్రాములది, పెద్దల్లో మగవాళ్లది 156 నుంచి 163 గ్రాములది. అంగడిలో జూనియర్ బంతి అని అడిగి తీసుకోండి. కార్క్ బంతి చవక అనుకొని చిన్నపిల్లలకు ఇవ్వకండి. నెట్స్‌లో నలుగురు బౌలర్లు వరుసగా వేస్తున్నప్పుడు బంతి తెచ్చుకోవడానికి బ్యాటర్‌కు వీపు చూపించి నడిచే అలవాటు మాన్పించండి. నేను చూసిన దెబ్బల్లో చాలా భాగం అలా తగిలినవే.

మార్చి దాటాక మన జిల్లాల్లో ప్రాక్టీసు తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించాలి. హెల్మెట్, ప్యాడ్లలో ఉన్న పిల్లవాడికి దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు ఒకసారి నీళ్లో, ఉప్పు వేసిన చల్లో తాగించండి. అకాల వర్షాల రోజుల్లో ఉరుము వినిపించగానే మైదానం ఖాళీ చేసి, చెట్టు కిందికి కాకుండా పక్కా భవనంలోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

టాస్‌కు ముందు మరో రెండు పనులున్నాయి. దగ్గరలో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఇద్దరు ముగ్గురికి తెలిసి ఉండాలి. మైదానం పెద్ద గేటుకు తాళం వేసి ఉంటే దాని చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కొని, మ్యాచ్ అయ్యే దాకా ఆ మనిషిని అక్కడే ఉండమనండి. అంబులెన్స్ చిన్న గేటులోంచి పట్టదు.